శాంతి పురస్కార సభలో తారాబాయి

రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ళకు మధ్యాహ్నం మందులు ఇచ్చి వచ్చి, తారాబాయి స్టాఫ్ గదిలో టీ కలుపుకుంటుండగా విజయలక్ష్మి ఫోన్ చేసింది. విజయలక్ష్మి ఆక్లాండ్‌లో ఒక తెలుగు సంఘానికి సాంస్కృతిక కార్యక్రమాలు చూసిపెడుతుంది. కాకినాడ మనిషి. మాట మెత్తన.

"తారా, ఈసారి కాదనకూడదమ్మా. వచ్చే శనివారం ఫంక్షన్‌కి మీ లంబాడీ డాన్స్ పెడదాం. చీఫ్ గెస్ట్‌ని గుమ్మం దగ్గర్నుంచి స్టేజి దాకా మీవాళ్ళ స్టైల్లో తీసుకురావాలి. అద్దాల డ్రెస్సు నీ దగ్గర ఉండే ఉంటుంది కదా?"

"లేదు ఆంటీ. నాకు డాన్స్ రాదు."

"భలేదానివే, మీకు రాకపోవడమేమిటి? కాస్ట్యూమ్ నేను తెప్పిస్తాలే. పోస్టర్ పంపాను చూడు. పెద్ద పోలీసాఫీసరు. అంతర్జాతీయ శాంతి పురస్కారం ఇస్తున్నారు ఆయనకి, మన ఆక్లాండ్‌లోనే."

తార పోస్టర్ తెరిచి చూసింది. పావురాల బొమ్మ మధ్యలో తెల్ల మీసం, చెంపల దాకా నవ్వు. కింద 'ఐ.జి. (రిటైర్డ్) ఈశ్వరరావు గారు' అని ఉంది. ఆమె నోట్లో నీళ్ళు ఊరాయి. వాంతికి ముందు ఊరే నీళ్ళు. ఒకరి చీము, ఒకరి మలమూత్రాలు కడిగేది ఆమె రోజూ చేసే పని. ముక్కు చిట్లించకుండా చేసే మనిషని రెస్ట్ హోమ్‌లో పేరు. ఆ రోజు మాత్రం సింకు పట్టుకుని వంగి నిలబడింది.

తారాబాయి తెలంగాణలో ఒక తండాలో పుట్టింది. చెరువు కింద కొద్దిపాటి భూమి వాళ్ళకూ, తండాలో మిగతా వాళ్ళకూ ఉండేది. పక్క ఊరి దొర ఆ భూమి తనదన్నాడు. ఆ రోజుల్లో ఈశ్వరరావు ఆ ప్రాంతానికి కొత్తగా వచ్చిన పడుచు అధికారి. మాట్లాడి తేల్చుకుందాం రమ్మని తండా మగవాళ్ళను స్టేషన్‌కు పిలిపించాడు. తార తండ్రి లచ్చీరాం, చిన్నాన్న భద్యా తలపాగాలు చుట్టుకుని, పెళ్ళికి పోయినట్టు పోయారు. మళ్ళీ వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు నడిచి రాలేదు. తల్లి జొన్నరొట్టెలు మూటగట్టి తారను వెంటబెట్టుకుని వెళ్తే, ఒక కానిస్టేబుల్ ఆమెతో స్టేషన్ వాకిలంతా ఊడ్పించి, ఆ తర్వాత మూట లోపలికి తీసుకున్నాడు. లోపలి నుంచి వచ్చిన అరుపు తన తండ్రిదని తారకు వెంటనే తెలియలేదు. ఆయన అంత సన్నని గొంతుతో అరవడం ఆమె అంతకు ముందెప్పుడూ వినలేదు.

భూమి దొరదేనన్న కాగితాల మీద వేలిముద్రలు వేసిన తర్వాత అందరినీ వదిలారు. లచ్చీరాంకు ఎడమ చెవి వినపడకుండా పోయింది. భద్యా నెల తిరక్కుండా మంచంలోనే చనిపోయాడు. జ్వరమని రాసుకున్నారు. ఆ ఏడే దొర చెరువు కింద నాట్లు వేయించాడు.

తార గిరిజన హాస్టల్లో చదివింది, హైదరాబాదులో నర్సింగ్ చేసింది, న్యూజీలాండ్ వచ్చి ఇక్కడి పరీక్షలు దాటి నర్సుగా కుదురుకుంది. అనంతపురం అబ్బాయి గిరిధర్‌ను ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. ఇద్దరూ ఆక్లాండ్ శివార్లలోని ఫ్లాట్ బుష్‌లో కొత్త ఇల్లు కొనుక్కున్నారు. 2016లో ఈ ఫోన్ వచ్చేనాటికి తల్లి లేదు. తండ్రి విజిటర్ వీసా మీద వచ్చి కూతురి దగ్గరే ఉన్నాడు.

ఇంటికి వచ్చి ఆమె ముందు గిరిధర్‌కు చెప్పింది.

"ఈశ్వరరావు కూతురు హిమజ ఇక్కడే కదా ఉండేది, మనకు రెండు వీధుల అవతల" అన్నాడు గిరిధర్. "ఆమె మొగుడు సంఘానికి పెద్ద స్పాన్సరు. అందుకే ఈ అవార్డు. ఆ శాంతి సంస్థ పేరు ఇంటర్నెట్‌లో వెతికితే ఒక పోస్టు బాక్సు తప్ప ఏం కనపడలేదు. వదిలెయ్. మనం పోకుంటే సరిపోతుంది."

సోఫాలో కూర్చున్న లచ్చీరాం కుడి చెవి ఇటు తిప్పాడు. "ఎవరొచ్చిన్రు?"

తార చెప్పింది. ఆయన టీవీ కట్టేశాడు.

"నేనొస్త" అన్నాడు.

"ఎందుకు బాపూ?"

"ఊకెనే. ఒక్కసారి మొఖం చూస్త. అప్పుడు నన్ను తలెత్తి చూడనియ్యలే."

శనివారం కమ్యూనిటీ హాలు నిండిపోయింది. తార ఒప్పుకోలేదు కాబట్టి విజయలక్ష్మి ఇంకెవరో ఆడపిల్లలకు అద్దాల లంగాలు కట్టించి, నెత్తిన ప్లాస్టిక్ బిందెలు పెట్టించింది. స్పీకర్లలో తండాలో ఎవరూ ఎరగని పాట ఏదో హోరెత్తింది. ఆ పిల్లల మధ్య ఈశ్వరరావు రెండు చేతులూ ఊపుతూ నడిచి వచ్చాడు. నల్ల కోటు, మెడలో కండువా. ఒక పిల్ల బిందె జారి కిందపడితే ఆయనే వంగి తీసి నెత్తిన పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

సంఘం కార్యదర్శి ఉదయభాస్కర్ సన్మాన పత్రం చదివాడు. కరుణామూర్తి, శాంతిదూత, ప్రజల పోలీసు. ముందు వరుసలో ఇద్దరు న్యూజీలాండ్ అతిథులు, తెలుగు ఒక్క ముక్క రాకపోయినా, మర్యాదగా తలలూపుతున్నారు.

తర్వాత ఈశ్వరరావు మైకు అందుకున్నాడు. మంచి వక్త. గొంతులో తాతగారి ఆప్యాయత ఉంది.

"ఇందాక ఈ పాపల్ని చూస్తే నా ఫస్ట్ పోస్టింగ్ గుర్తొచ్చింది" అన్నాడు. "ఒక లంబాడీ తండా. భూమి తగాదా. గొడ్డళ్ళతో నరుక్కునేలా ఉన్నారు. నేనేం చేశాను? లాఠీ పట్టుకోలేదు. అందర్నీ కూర్చోబెట్టి టీ తాగించాను. బయట వాళ్ళ పిల్లలు ఏడుస్తుంటే బిస్కెట్లు పంచాను. ఒక్క తూటా పేలకుండా, ఒక్క చుక్క రక్తం కారకుండా రాజీ అయిపోయింది. శాంతి అంటే అదే. ప్రేమతో సాధించేది."

ఆ బిస్కెట్లు తారకు గుర్తున్నాయి. ఎర్ర కాగితం చుట్టిన పొట్లం. ఆయనే స్టేషన్ గేటు దగ్గర నిలబడి, ఆమె గడ్డం పట్టుకుని ఊపి, చేతిలో పెట్టాడు. లోపల తండ్రి అరుస్తూనే ఉన్నాడు. ఆ వేళ్ళు ఇప్పుడే గడ్డానికి తగిలినట్టై ఆమె పమిట చెంగుతో మొహం తుడుచుకుంది.

పురస్కారం అందుకున్నాక ఈశ్వరరావు స్టేజి దిగి, పెద్దవాళ్ళను పలకరిస్తూ వరుసల మధ్య నడిచాడు. ఫొటోలు తీసేవాడు వెంటే ఉన్నాడు. ఆయన దగ్గరికి రాగానే లచ్చీరాం లేచి నిలబడ్డాడు. నడుము వంగింది, రెండు చేతులూ జోడయ్యాయి, తల దిగిపోయింది. మొహం చూస్తానని వచ్చిన మనిషి నేల చూస్తున్నాడు. ఫ్లాష్ వెలిగింది.

తన తండ్రి ఒంట్లో ఇన్నేళ్ళూ ఆ స్టేషన్ అలాగే ఉండిపోయిందని తారకు అప్పుడు అర్థమైంది. ఆమె లేచి ఆయన భుజం పట్టుకుంది.

"కూసో బాపూ. నువ్వు లేవొద్దు."

తర్వాత ఈశ్వరరావు వైపు తిరిగింది.

"సార్, ఆ తండా పేరేంది?"

"ఏ తండా అమ్మా?"

"మీరు టీ తాగిపిచ్చిన తండా."

ఆయన నవ్వాడు. "ఎన్నో ఊళ్ళు, ఎన్నో తండాలు తల్లీ. పేర్లు ఎక్కడ గుర్తుంటాయి?"

"మాది ఆ తండానే. ఈయన మా నాయిన, లచ్చీరాం. మీ స్టేషన్ల ఈయన చెవు పగలగొట్టిన్రు. మా చిన్నాయిన భద్యా ఆ దెబ్బలకే సచ్చిపోయిండు. బిస్కెట్ పొట్లం మీరు నా చేతుల్నే పెట్టిన్రు. రక్తం కారలేదంటున్నరు గదా, మా అమ్మ ఆ బట్టలు ఉతికింది, నేను పక్కనే ఉన్న."

ఈశ్వరరావు మొహంలో నవ్వు చెదరలేదు. అది చూసి తారకు మరీ రోత పుట్టింది.

"అమ్మా, ఆ రోజుల పరిస్థితులు వేరు" అన్నాడు. "కింది స్టాఫ్ ఎక్కడైనా అతిగా చేసుంటే నాకు తెలియదు. కానీ చూడు, ఇవాళ నువ్వు న్యూజీలాండ్‌లో సెటిల్ అయ్యావు. శాంతి ఉంటేనే కదా అభివృద్ధి." లచ్చీరాం భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం పెద్దాయనా, ఆరోగ్యం బాగుందా?"

లచ్చీరాం ఆ చేతిని రెండు వేళ్ళతో పట్టుకుని తీసేశాడు, చొక్కా మీద పాకిన పురుగును తీసినట్టు. అప్పుడు తలెత్తాడు.

"సెర్వు కింది భూమి ఇప్పుడెవరి చేతిల ఉన్నది సారూ?"

"అవన్నీ రెవెన్యూ వాళ్ళ విషయాలయ్యా" అంటూ ఈశ్వరరావు పక్క వరుసలోకి నడిచాడు.

ఉదయభాస్కర్ మైకులో డిన్నర్ రెడీ అని ప్రకటించాడు. అందరూ బిర్యానీ వైపు కదిలారు. ఒకాయన తార దగ్గరికి వచ్చి, "మీరు చెప్పింది నిజమే అయ్యుంటుందమ్మా, కానీ ఇది సందర్భమా?" అన్నాడు. చేతిలో అప్పటికే పళ్ళెం ఉంది, రాయతా అంచు మీంచి కారుతోంది. విజయలక్ష్మి వచ్చి, "మీ నాన్నగారికి పెరుగన్నం పెట్టించనా?" అంది, అదే మెత్తని గొంతుతో. నవీన అనే స్టూడెంట్ ఒకమ్మాయి మాత్రం ఏమీ అనకుండా లచ్చీరాం రెండో చెయ్యి పట్టుకుని కారు దాకా వచ్చింది. వాళ్ళకు ఆ అమ్మాయితో అంతకుముందు పరిచయం కూడా లేదు.

మర్నాడు సంఘం ఫేస్‌బుక్ పేజీలో ఫొటోలు వచ్చాయి. అన్నిటికంటే ముందు పెట్టింది లచ్చీరాం ఫొటో. వంగిన నడుము, జోడించిన చేతులు, ఎదురుగా చిరునవ్వుతో ఈశ్వరరావు. 'తమ తండాకు శాంతిని ప్రసాదించిన అధికారికి కన్నీటితో కృతజ్ఞత తెలుపుతున్న గిరిజన పెద్ద' అని కింద రాశారు. తార అబద్ధమని కామెంటు పెడితే తీసేశారు. ఉదయభాస్కర్‌కు ఫోన్ చేస్తే, "ఫొటో చాలా బాగా వచ్చిందండీ, నెగటివ్‌గా తీసుకోకండి" అన్నాడు. ఆ సాయంత్రానికి సంఘం వాట్సాప్ గ్రూపులో ఆమె పేరు లేదు. వారం తిరిగేసరికి ఆ ఫొటో ఇండియాలో ఒక పేపర్లో వచ్చిందని తండా నుంచి ఫోన్ వచ్చింది. భద్యా కొడుకు చేశాడు. "పెదనాయిన నిజంగనే మొక్కిండా అక్కా?" అని అడిగాడు. జరిగింది జరిగినట్టు ఆమె అతనికి చెప్పింది.

ఆ ఆదివారం హిమజ వాళ్ళింటికి వచ్చింది. సంచీ నిండా పళ్ళు తెచ్చింది. హాల్లో గోల చూసినప్పటి నుంచి నిద్ర లేదంది. తండ్రిని అడిగితే కోప్పడ్డాడట. "నాకు నిజం తెలియాలి అంకుల్" అని లచ్చీరాం కుర్చీ దగ్గర నేల మీదే కూర్చుంది.

లచ్చీరాం చెప్పాడు. ఎక్కడా గొంతు పెంచలేదు. ఎట్లా కట్టేశారో, దేనితో కొట్టారో, ఈశ్వరరావు ఎక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్నాడో, వేలికి సిరా ఎవరు పూశారో చెప్పాడు. భద్యా చివరి రోజుల్లో నీళ్ళు కూడా మింగలేకపోయాడని చెప్పాడు. హిమజ ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. తారకు ఆమె మీద జాలి కలిగింది. టీ ఇచ్చింది.

టీ తాగి, కళ్ళు తుడుచుకుని, హిమజ తార పక్కకు జరిగి గొంతు తగ్గించింది.

"తారగారూ, ఆ ఫొటో నేను తీయించేస్తాను. నాన్నగారికి హార్ట్ ప్రాబ్లం. వచ్చే నెల ఆస్ట్రేలియాలో కూడా సన్మానం ఉంది, వాళ్ళు ఏవేవో అడుగుతున్నారు. మీరు మనిషిని పోల్చుకోవడంలో పొరపాటు పడ్డామని ఒక్క లైను రాసిస్తే చాలు."

ఎదురుగా ఉన్న తడి కళ్ళు చూస్తుంటే తారకు మళ్ళీ నోట్లో నీళ్ళూరాయి.

ఎడమ వైపు మాటలు లచ్చీరాంకు వినపడలేదు. "ఏమంటున్నది?" అని అడిగాడు.

"నిన్ను కొట్టింది వాళ్ళ నాయిన కాదని రాసియ్యమంటున్నది బాపూ."

లచ్చీరాం హిమజను తేరిపార చూశాడు. "మళ్ల వేలిముద్ర గావాల్నా బిడ్డా?" అన్నాడు.

తార పళ్ళ సంచీ తీసి హిమజ చేతికిచ్చి తలుపు తెరిచింది. ఆమె కారు వీధి మలుపు తిరిగిందాకా గడపలోనే నిలబడింది. తర్వాత హిమజ తాగిన టీ కప్పు తీసుకెళ్ళి, కడగబోయి, కడగకుండా బయట చెత్త డబ్బాలో పడేసి వచ్చింది.

ఆస్ట్రేలియాలో సన్మానం జరిగింది. లచ్చీరాం ఫొటో ఆక్లాండ్ సంఘం పేజీలో ఇప్పటికీ ఉంది.