నాన్న పనేమిటని అడిగారు

నాకు బి.కాం. ఆనర్స్ సీటు సిఫారసు లేక రాలేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొన్న నా చెల్లెలు తన పిల్లలకు కూడా అదే చెబుతుంటే విన్నాను. ఆ మాట పుట్టించింది నేనే. అది నిజం కాదు.

ఎనభైల మొదట్లో సంగతి. నాన్న విశాఖ పోర్టులో టాలీ క్లర్కు. ఓడలోంచి సరుకు దిగుతుంటే గట్టు మీద నిలబడి లెక్క రాసుకునే ఉద్యోగం. సాయంత్రం సైకిల్ దిగుతూనే కబుర్లు మొదలుపెట్టేవాడు. ఈరోజు ఏ దేశం ఓడ వచ్చింది, ఎరువులా గోధుమలా, ఎన్ని బస్తాలు చిరిగాయి. చొక్కా దులిపితే నేల మీద ఇనప ఖనిజం దుమ్ము ఎర్రగా రాలేది. అమ్మ విసుక్కునేది. నాకు మాత్రం ఆ కబుర్లు లేనిదే అన్నం సయించేది కాదు.

ఆనర్స్‌కి సీట్లు తక్కువ. మార్కులు చూసి, ఆ పైన ఇంటర్వ్యూ చేసేవారు. నాకు పిలుపు కార్డు రాగానే నాన్న దాన్ని జేబులో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, పోర్టు గేటు ముందు టీ కొట్టుకు వెళ్ళి అందరికీ చూపించాడు.

"ఏటి బావా, నీ కొడుకు కామర్సు సదివీసి ఓడ కొనీత్తాడేటి?" అన్నాడు నాన్న స్నేహితుడు, క్రేను డ్రైవరు.

"కొంటే నిన్నే డ్రైవరుగా ఎట్టుకుంటాడ్లే. ముందు నువ్వు నిద్రోకుండా క్రేను తిప్పు బావా!"

ఇంటర్వ్యూ రోజు వరండాలో నా పక్కన కూర్చున్న కుర్రాళ్ళందరికీ బూట్లున్నాయి. ఒకడి తండ్రి కొత్తగా కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరు, ఇంకొకడి తండ్రి బ్యాంకు మేనేజరు. హవాయి చెప్పులున్న నా కాళ్ళను బెంచీ కిందికి లాక్కున్నాను.

లోపల ముగ్గురున్నారు. నడుమ కూర్చున్న పెద్దాయన నా దరఖాస్తు చూసి, తెలుగులోనే, ఆప్యాయంగా అడిగారు.

"మీ నాన్నగారు టాలీ క్లర్కు కదా. ఆ పనేమిటో చెప్పు బాబూ."

అంతకన్నా తేలికైన ప్రశ్న నన్నెవరూ అడగలేరు. కానీ తలుపు తెరిచే ఉంది. బయట వాళ్ళకు వినబడుతోంది.

"తెలియదండీ. ఇంట్లో ఆయన పని గురించి మాట్లాడుకోం," అన్నాను.

ఆయన నా దరఖాస్తు పక్కన పెట్టేశారు.

జాబితాలో నా పేరు లేదు. నాన్నతో, "ఆఫీసర్ల పిల్లలకే ఇచ్చారు. సిఫారసు ఉండాలట," అన్నాను. ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి, మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని తన ఆఫీసరు ఇంటికి వెళ్ళి, గేటు బయట మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. ఎవరూ లోపలికి పిలవలేదు. తిరిగొచ్చి చెంబెడు నీళ్ళు తాగి, "నాను పెద్ద ఉద్యోగస్తుణ్ణయితే నీకు సీటొచ్చీది. ఏటనుకోకురా," అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది.

తర్వాత, సాయంత్రంపూట నడిచే కాలేజీలో మామూలు బి.కాం.లో చేరాను. ఉదయం టైపు నేర్చుకోవడం, పగలు ఓడల సరుకు విడిపించే ఒక ఏజెంటు దగ్గర గుమస్తాగిరీ. బతుకు బాగానే సాగింది, ఆ సీటు కోసం ఇప్పుడు నాకు బెంగ లేదు. గేటు బయట నిలబడ్డ నాన్న మాత్రం కళ్ళ ముందు నుంచి పోడు.

రిటైరయ్యాక ఒకసారి అడిగాడు.

"ఆవేళ నిన్నేటడిగినార్రా?"

"ఏవో ఇంగ్లీషు ప్రశ్నలు నాన్నా."

"అదీ సంగతి. మన పోర్టు గురించి అడిగుంటే గడగడా సెప్పీసుందువు," అని నవ్వాడు.

ఆయన పోయాక రాస్తున్నాను ఆ జవాబు. క్రేను దించిన ప్రతి మోపుకూ మా నాన్న ఒక గీత గీసేవాడు. నాలుగు నిలువుగా, అయిదోది వాటి మీద అడ్డంగా. పెన్సిల్‌ని అట్టకు దారంతో కట్టుకునేవాడు. ఎంత ఎండలోనైనా గొడుగు పట్టేవాడు కాదు, రెండు చేతులూ కావాలి కనక. ఓడ వాళ్ళ లెక్కతో తేడా వస్తే బస్తాలన్నీ మళ్ళీ లెక్కపెట్టించేవాడు.

చెల్లీ, పిల్లలకు ఇది చదివి వినిపించు.