తొర్రూరు బస్సూ, పాలు తాగే పిల్లవాడూ

మొన్న హైదరాబాదులో మా అబ్బాయి ఇంట్లో భోజనాల దగ్గర ఒక మాట విని, కలుపుకున్న ముద్ద నోటిదాకా పోలేదు. కోడలికి ఊరి అవతలెక్కడో ఒక కాలేజీలో కొత్త ఉద్యోగం వచ్చింది. పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. అక్కడికే ఇల్లు మారదామని ఆ పిల్ల అంటోంది. మావాడిది కంప్యూటరు ముందేసుకుని ఇంట్లో చేసే ఉద్యోగం, ఎక్కడ కూర్చున్నా ఒకటే. అయినా కదలడట. ఇక్కడ దోస్తులున్నారట, మంచి హోటళ్ళున్నాయట. చివరికి నన్ను చూపించి, "అమ్మ చెయ్యలేదా? నన్ను ఇంట్ల వదిలి తొర్రూరు దిక్కు రోజూ అప్ అండ్ డౌన్ చేసింది. ఒక్కనాడన్న కష్టమన్నదా?" అన్నాడు. గర్వంగానే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నేను పడ్డ కష్టాన్ని నన్నడక్కుండా తీసుకెళ్ళి ఇంకో ఆడపిల్ల నెత్తిన పెట్టడానికి వీడెవడు?

డెబ్బైల చివరి మాట. మాది హనుమకొండ. మా ఆయన ఆఫీసు ఇంటికి కూతవేటు దూరం. మధ్యాహ్నం వచ్చి వేడన్నం తిని, ఓ కునుకు తీసి మరీ వెళ్ళేవారు. నేను తొర్రూరు దారిలో ఒక పల్లెలో టీచర్ని. కాన్పు సెలవు అయిపోయాక, పాలు తాగే పిల్లవాణ్ణి అత్తమ్మ ఒళ్ళో పెట్టి, తెల్లారకముందే బస్టాండుకు పరుగెత్తేదాన్ని. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేయాలి. ఎవరి కర్చీఫ్ పడితే సీటు వాళ్ళది, చేతిలో ఉన్న టికెట్టుకు కూడా అంత గౌరవం ఉండేది కాదు. ఒకసారి నిద్రమత్తులో సంచిలో చేయిపెట్టి దొరికిన గుడ్డ విసిరాను. ఎక్కి చూస్తే అది మావాడి పొత్తిగుడ్డ, అదీ ఉతకనిది. ఆ సీటు దరిదాపులకు ఎవరూ రాలేదు, పక్క సీటు కూడా ఖాళీయే. మిరపకాయ బస్తాల ఘాటుకు బస్సంతా తుమ్ముతుంటే నేను దొరసానిలా విశాలంగా కూర్చుని పోయాను. ఆ ప్రయాణాల్లో నవ్వొచ్చిన రోజు బహుశా అదొక్కటే.

బడి పక్కనే ఒక పెద్దమ్మ ఉండేది. పత్తి చేన్లకు కూలికి పోయి పోయి నడుము వంగాక ఇంటిపట్టునే ఉంటోంది. బిడ్డల పెళ్ళిళ్ళయిపోయి ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. "పిలగాన్ని తెచ్చుకో బిడ్డా. నువ్వు బళ్ళె ఉంటే నేను జూస్త. ఏడిస్తె కేకేస్త, వచ్చి పాలిచ్చి పో" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి అదే చెప్పాను. ఆదివారం మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, వచ్చి కుర్చీ వేసుకున్నారు. అన్నదమ్ములూ అత్తమ్మా కలిసి నా సంగతి తూకం వేశారు. నల్లా నీళ్ళు, మా ఆయన వేడన్నం, సినిమా టాకీసులు, ఇంకా బోర్లా కూడా పడని పిల్లవాడికి రేపటి ఇంగ్లీషు మీడియం బడి, అన్నీ హనుమకొండ వైపే మొగ్గాయి. "మొగోడు పెండ్లాం నౌకరి ఎంబడి పల్లెకు పోతడా? నలుగురు నవ్వరా?" అన్నారు బావగారు. అసలు మొగుణ్ణి రమ్మన్నదెవరు? నేనూ పిల్లవాడూ పోతామన్నాను. "బస్సుల కూసొనుడే గదా, నడిపేది డ్రైవరాయె" అన్నారు మా ఆయన. తూకం జరుగుతున్నంతసేపూ నేను వంటింట్లోంచి వాళ్ళకు చాయ్ అందిస్తూనే ఉన్నాను. అందులో చక్కెరకు బదులు ఉప్పు వేయనందుకు ఇప్పటికీ విచారిస్తుంటాను.

ఆ మాఘమాసంలో మేడారం జాతర వచ్చింది. జాతరంటే బస్సులన్నీ అటే. మా దారిన తిరిగేవి కూడా ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఆ సాయంత్రం బడి వదిలాక రోడ్డు మీద ఎంతసేపు నిలబడ్డా బస్సు లేదు. పత్తి బండ్లు పోతున్నాయి, దుమ్ము లేస్తోంది. తెల్లవారుజామున పిల్లవాడికి పాలిచ్చి వచ్చినదాన్ని, రొమ్ములు రాళ్ళయ్యాయి. జాకెట్టు తడిసి, మీద కప్పుకున్న కొంగు కూడా తడిసింది. మగవాళ్ళ మధ్య ముడుచుకుని నిలబడ్డ నన్ను పెద్దమ్మ చూసి, చెయ్యి పట్టుకుని తన ఇంటి వెనక్కి తీసుకుపోయింది. "పిండెయ్యి బిడ్డా. గడ్డలు గడితె జొరమొస్తది" అంది. గోడవారన మట్టిలోకి పిండుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చాను. బాధకు కాదు, కోపానికి. పెద్దమ్మ నా వీపు నిమురుతూ, "అర్ర ఇంకా ఖాళీగనే ఉన్నది" అని మాత్రం అంది.

చివరికి ఒక లారీ ముందు భాగంలో చోటు దొరికి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు. పగలు ఉగ్గుగిన్నెతో ఆవుపాలు పట్టే అత్తమ్మ, ఏడుపు ఆపలేక ఆ సాయంత్రం పక్కింటి వాళ్ళ పాలసీసా తెచ్చి పట్టిందట. నేను ఎత్తుకుని రొమ్ముకు పెట్టుకుంటే వాడు ముఖం తిప్పుకున్నాడు. మర్నాడూ తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఎంత బతిమాలినా మళ్ళీ నా పాలు ముట్టలేదు. "మంచిగనే అయింది, సీసకు అలవాటు పడ్డడు. ఇగ నువ్వు ఫికర్ లేకుంట పోయిరావచ్చు" అంది అత్తమ్మ. ఆమె చెడ్డది కాదు, నిజంగానే నాకు మేలు జరిగిందనుకుంది. ఇంట్లో అందరూ ఒక చిక్కు విడిపోయినట్టు ఊపిరి పీల్చుకున్నారు. గది మాట మళ్ళీ ఎత్తితే, "ఇప్పుడు గా అవసరమేంది?" అన్నారు మా ఆయన. వాడు బడికి పోయే వయసొచ్చి, నాకు బదిలీ అయ్యేదాకా ఆ బస్సుల్లోనే తిరిగాను. చుట్టాలొస్తే మా ఆయన నన్ను చూపించి ఎంత ఓపికో అని మెచ్చుకునేవారు. నా పళ్ళు పటపటమనేవి.

మొన్న ఇదంతా కంచం ముందే మావాడికి చెప్పేశాను. "మరి ఇన్నేండ్లు చెప్పలేదేందమ్మా?" అన్నాడు వాడు.

"అడిగినోడెవడురా?" అన్నాను. కోడలి వైపు తిరిగి, "నువ్వు నీ కాలేజీ కాడనే ఇల్లు జూసుకో బిడ్డా. దోస్తుల మీదికి పానం గుంజితె వీడే ఎర్రబస్సెక్కి పోయొస్తడు. కూసొనుడే గదా!" అన్నాను.

కాలం గడిచేకొద్దీ కోపం చల్లారుతుందని అంటారు. నాకైతే తీరిగ్గా కూర్చుని కోపం తెచ్చుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.