మొక్కకు మా మేడం పేరు

అరవైల చివర్లో నేను విజయనగరంలో వృక్షశాస్త్రం చదువుకునేటప్పుడు, మా మేడం మందుమొక్కల మీద పరిశోధన చేసేవారు. శృంగవరపుకోట దాటాక వచ్చే కొండల్లో ఆవిడ తిరగని చోటు లేదు. ఒకసారి ఆవిడ వెంట వెళ్లినప్పుడు బండరాళ్ల మధ్య జానెడెత్తు మొక్క ఒకటి నా కంటపడింది. అలాంటి ఊదారంగు పువ్వును మేడం కూడా ఎన్నడూ చూడలేదు. దాన్ని ఎండబెట్టి, నా పేరు మీద కలకత్తాలోని వృక్షశాస్త్రజ్ఞులకు పంపాం. అది కొత్త జాతేనని, పేరు సూచించమని ఏడాది తర్వాత నాకు ఉత్తరం వచ్చింది. మేడంకు చెప్పకుండా ఆవిడ పేరే రాసి పంపాను.

పేరు ఖాయమయ్యాక వాళ్లింటికి వెళ్లి చెబితే ముందు కోప్పడ్డారు, తర్వాత కళ్లు తుడుచుకున్నారు. వాళ్లమ్మగారు వంటింట్లోంచి వచ్చారు.

"ఏటీ, మొక్కకి నా కూతురి పేరెట్టినారా? అది ఏ రోగానికి పనికొస్తాది?"

"ఇంకా తెలీదమ్మా," అన్నారు మేడం.

"తెలీకపోతే ఏటి? నన్నోపాలి తీసుకెళ్లి సూపించండి."

ఆ ఆదివారమే ముగ్గురం బస్సెక్కాం. అమ్మగారు నా భుజం పట్టుకుని, ఆగి ఆగి కొండ ఎక్కారు. మొక్క దగ్గర కూర్చుని చాలాసేపు చూశారు. తర్వాత మరచెంబు మూత తీసి, మేం తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ దాని మొదట్లో పోశారు.

"సుకంగా బతకవే, తల్లీ," అన్నారు.

మేడం మొహం పక్కకు తిప్పుకున్నారు. ఎండలో దిగుతూ ముగ్గురికీ నోరెండిపోయినా, నీళ్ల మాట ఎవరమూ ఎత్తలేదు.