చేతులు తీసి చూడు

గంటసేపు ట్రాఫిక్‌లో నలిగిన మా క్లాసు కారు సైదాబాద్ మైదానం చేరేసరికి కాలిన బ్రేకు వాసన గుప్పుమంది. డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చి వారం కూడా కాని రేణుక స్టీరింగ్ వదలకుండానే అంది: "బ్రేకు తొక్కినప్పుడల్లా చేతులు వణుకుతున్నయి మేడం. నాతోని కాదేమో." పక్క సీటులో, నేర్పేవాళ్లకుండే రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్న నేను ఆమె వైపు తిరిగాను. పదేళ్ల కిందట ఇదే మాట నేనన్నాను. విన్నది మెకానిక్ ఖాజా భాయ్.

అప్పట్లో నేను కొత్తగా నేర్చుకుని మా గేటు గోడకు కారు గీకించాను. మా ఆయన చెడ్డవాడేం కాదు, కానీ ఆ రోజు తాళంచెవి అలమారలో పెట్టేసి, "నీ చేతులు వణుకుతున్నయి. నీకెందుకు ఈ లొల్లి?" అన్నాడు. ఆయన స్కూటరు మీద ఆఫీసుకు వెళ్లగానే నేను తాళంచెవి తీసేదాన్ని. కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత నిజంగానే బ్రేకు తొక్కితే చాలు, నా చేతుల్లో స్టీరింగ్ గజగజలాడటం మొదలైంది. అద్దం ముందు చేతులు చాపి చూసుకునేదాన్ని. అక్కడ వణికేవి కావు, అయినా మనసుకు నమ్మకం లేదు. చివరికి ఒక నిర్ణయానికొచ్చాను: ఒక్కసారి బండి చూపిస్తాను, బండిలో లోపం లేదంటే తాళంచెవి జోలికి మళ్లీ వెళ్లను.

అఫ్జల్‌గంజ్ వెనక సందులో ఖాజా భాయ్ షెడ్డు. ఒక కారు లోపల పడుతుంది, రెండోది సగం రోడ్డు మీదే. ఆయన బండి రాగానే బానెట్ ఎత్తే మనిషి కాదు, ముందు ప్రశ్నలు మొదలుపెడతాడు. ఆ ప్రశ్నలకు విసిగి వేరే షెడ్డుకు పోయినవాళ్లూ ఉన్నారు. "ఎప్పుడొస్తది బేటీ వణుకు? ఊకెనే పోతుంటే వస్తదా, బ్రేకు తొక్కితేనే వస్తదా?" బ్రేకు తొక్కితేనే అన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. పక్కన కూర్చుని, ఖాళీ రోడ్డు మీద కాస్త వేగంగా పోనిమ్మన్నాడు. "ఇప్పుడు తొక్కు. చేతులు తియ్యి." భయపడుతూనే ఎత్తాను. ఆయన చెయ్యి స్టీరింగ్ కింద సిద్ధంగా ఉంది కానీ తాకలేదు. ఎవరూ పట్టుకోని స్టీరింగ్ తనంతట తానే గడగడ వణుకుతోంది. "గిప్పుడు ఎవరు వణుకుతున్నరు, చెప్పు?" అని ఆయన నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది.

షెడ్డుకు తెచ్చి చక్రం విప్పి, లోపల తిరిగే ఇనుప డిస్కుకు గడియారంలాంటి ఒక కొలత పరికరాన్ని ఆనించాడు. డిస్కు చేత్తో తిప్పుతుంటే ముల్లు అటూ ఇటూ ఊగింది. వెంట్రుకంత వంకర! అంత చిన్న వంకర మనిషిని అంతగా భయపెట్టగలదా అని నేను మళ్లీ మళ్లీ తిప్పించుకుని చూశాను. ఆయనకు మాత్రం ఇంకో ప్రశ్న మిగిలే ఉంది.

"ఇంటికాడ బండి ఆపంగనే ఏం జేస్తవ్?"

"కడుగుత భాయ్. చక్రాలతో సహా."

"వేడి మీదనేనా? కాలిన పెనం మీద నీళ్లు కొడితే ఏమైతది? గట్లనే వంకర పోయి ఉంటది. అంత తొందరేంది?"

చెప్పక తప్పలేదు. రోడ్డు దుమ్ము కనబడితే నేను నడిపినట్టు మా ఆయనకు తెలిసిపోతుందని. ఖాజా భాయ్ ఈసారి నవ్వలేదు. "డిస్కు నేను సాపు చేసిస్త. కడుగుడు నువ్వు బంద్ చెయ్యి," అన్నాడు.

ఆ సాయంత్రం దుమ్ముతోనే కారు గేటు ముందు నిలబెట్టాను. మా ఆయన చూసి, "ఎవరు నడిపిన్రు?" అన్నాడు. "నేనే. వణికింది నేను కాదు, బండి. బాగు చేయించిన," అన్నాను. ఆయన కాసేపు చక్రాల వంక చూసి లోపలికి వెళ్లాడు. తాళంచెవి ఆ తర్వాత అలమారలోకి వెళ్లలేదు.

కొన్నేళ్లకు, నేనూ డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టాక, క్లాసు కారు చూపించడానికి వెళ్తే, స్టూలు మీద కూర్చున్న ఖాజా భాయ్ ఎడమచేతి వేళ్లు ఆగకుండా కదులుతున్నాయి. నా చూపు పసిగట్టాడు. "నేను గూడ చూస్తున్న బేటీ. ఊకె కూసుంటే వస్తది. పానా పట్టుకుంటే ఆగుతది. అజీబ్ కదా?" డాక్టరేమన్నాడని అడిగాను. "ఏందో పేరు పెట్టిండు. ఎప్పుడెప్పుడొస్తదో నేను చెప్తెనే రాసుకుండు," అన్నాడు, అదేదో కొత్త మోడల్ బండి షెడ్డుకొచ్చినట్టు. నేను ఇంటికొచ్చి ఏడ్చాను. పానా పట్టగలిగినన్నాళ్లు పట్టి, ఆయన నిరుడు కన్నుమూశాడు.

"కొంచెం పోనిచ్చి బ్రేకు తొక్కు. చేతులు తియ్యి," అన్నాను రేణుకతో. తీసింది. స్టీరింగ్ కదల్లేదు. ఆమె ఒళ్లో చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి.

"చూసిన్రా మేడం? నేనే," అంది మొహం వేలాడేసి.

ఖాజా భాయ్ ఇక్కడితో వదిలేసేవాడు కాదు. "ఎప్పుడొస్తది?" అని అడిగాను.

ఆలోచించింది. "బ్రేకు తొక్కంగనే వెనకాలోళ్లు హారన్ కొడితే. ఇగ నాకు ఏం సమజ్ కాదు."

"ఇక్కడ ఎవరు కొడుతున్నరు?"

రేణుక అద్దంలో వెనక్కి చూసింది. మైదానం ఖాళీగా ఉంది. వణుకు తగ్గిన తన చేతుల్ని తానే కొత్తగా చూసుకుని, మళ్లీ స్టీరింగ్ మీద పెట్టింది. నేను నా బ్రేకు మీద నుంచి కాలు తీసేశాను.