గట్టి అంటే ఏది?

మృదులకు ఆ పొద్దున అన్నం సయించలేదు. నాంపల్లి స్టేషన్ వెనక సందులోని ఇంట్లో కంచం ముందు కూర్చుని కుడిచేత్తో మెతుకులు కెలుకుతూ, ఎడమచేత్తో లాప్‌టాప్ మీద గీతలు జరుపుతోంది.

"గా సముద్రం ఏడికీ పోదు గనీ, జర తిను," అంది తల్లి విమల.

మృదుల పని వింతైనదే. ఆబిడ్స్‌లో ఒక చిన్న సర్వే ఆఫీసులో చేస్తుంది. వాళ్ల పడవ తీరం దగ్గర నీళ్లలోకి చప్పుడు వదులుతుంది. అక్కడ లోతు తక్కువ కదా, ఆ చప్పుడు పైన అలకూ కింద నేలకూ తగులుకుంటూ పోతుంది. దూరాన నీళ్లలో వేలాడే మైకులు దాన్ని పట్టుకుంటాయి. అడుగున గట్టి ఇసుకైతే చప్పుడు చాలా దూరం నిలుస్తుంది, బురదైతే తాగేస్తుంది. పెళ్లి బాజా చెవిన పడగానే అది సందులో మోగుతోందో మైదానంలో మోగుతోందో చెప్పేస్తాం చూడండి, అలాగే మైకులు పట్టిన చప్పుడు గీతలు చూసి, ఇంట్లో కూర్చునే సముద్రం అడుగు ఎలాంటిదో ఆమె చెప్పాలి.

కాకినాడ అవతల ఒక రేవులో చేపల పడవలకు జెట్టీ కడుతున్నారు. చివరి వరసలో నేల గట్టిది, పొట్టి స్తంభాలు చాలని మృదుల నిన్న రిపోర్టు ఇచ్చింది. అప్పటినుంచీ మనసు నిలవడం లేదు. దూరపు మైకుకు చేరేసరికి చప్పుడు చచ్చిపోయింది. గట్టి నేలైతే అలా చావకూడదు. మైకు చెడిందేమోనని సరిపెట్టుకుంది, పడవ మీదున్న సాయిచైతన్య గట్టిగా ఉందన్న మాట నమ్మి.

ఇక ఆగలేక అతనికి ఫోన్ చేసింది. "చైతన్యా, గాడ గట్టిగుందని చెప్పినవ్ గదా. లంగరేసి చూసినవా?"

"లంగరెందుకండీ? తిరిగొచ్చిన చప్పుడు గట్టిగా ఉందన్నాను. చెవులు దిమ్మెక్కిపోయాయి."

"చప్పుడా? నేల కాదా?"

"నేల సంగతి నాకేం తెలుసండీ? అది చెప్పడానికే కదా మీరున్నది."

మృదుల చెయ్యి కడుక్కుంది. చెత్త కుళ్లిన బురదలో గాలిబుడగలుంటే చప్పుడు వాటికి తగిలి పెద్దగానే వెనక్కొస్తుంది. కింద మాత్రం ఊబే. ఇదంతా చదువుకున్నదే.

ఆటో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే దిగి నడిచింది. ఆఫీసు మెట్లెక్కేసరికి ఆయాసం. సంగతి విని పెద్దసారు గోపాలరావు కళ్లజోడు తీశాడు.

"నిన్న గట్టి అన్నవ్. ఇయ్యాల మెత్త అంటున్నవ్. రేపేమంటవ్?"

"మెత్తేనని కసమ్ తిని చెప్పలేను సార్. మట్టి తీసి చూసేదాంక ఆపమంటున్న."

"నీ నౌకరీ పక్కా చేసే ముచ్చట వచ్చే నెల్ల ఉన్నది, యాదుందా?"

"ఉంది సార్. జెట్టీ మీద మనుషులు నడుస్తరు, అది గుడ యాదుంది."

ఆయన ఫోన్ ఆమె ముందుకు తోశాడు. "అయితే నీ నోటితోనే చెప్పుకో."

రేవు దగ్గర ఇంజనీరు కమలకుమారి ఫోనెత్తింది. వెనక స్తంభం దింపే యంత్రం దబ్బు దబ్బుమంటోంది.

"మేడం, మావాడు చప్పుడు గట్టిగుందన్నడు. నేను నేల గట్టిగుందని రాసిన. తప్పు నాది. జర ఆపండి."

దబ్బు. మళ్లీ దబ్బు. ఆ తర్వాత ఆమె ఎవరినో కేకేయడం వినిపించింది. యంత్రం ఆగింది.

"ఒకటి దింపేశామమ్మా," అంది కమలకుమారి, నెమ్మదిగా. "దెబ్బకి జానెడు దిగాల్సింది మూరెడు దిగుతోంటే నాకూ అనుమానంగానే ఉంది. మట్టి తీసేటప్పుడు నువ్వు ఎదురుగా ఉండాలి. వచ్చెయ్."

"ఏమన్నది?" అన్నాడు గోపాలరావు.

"రమ్మంటున్నది సార్."

హుస్సేన్‌సాగర్ తప్ప పెద్ద నీళ్లు ఎరగని పిల్ల. ఆమె నౌకరీ సంగతి గోపాలరావు మళ్లీ ఎత్తలేదు, ఆమే అడగలేదు.

"సార్, పడవల వాంతులైతయా?" అంది.