రా ఫైలుంది బాబాయ్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటుంటుందని నాకు తెలియదు. ఇరవై రెండేళ్ల వయసు, మెడలో స్టూడియో వారి కొత్త డిజిటల్ కెమెరా, కళ్లు నెత్తి మీద. విశాఖ పాతబస్తీలోని ఆ స్టూడియో యజమానిని అందరూ భాయ్ అనే పిలిచేవారు. ముప్పై ఏళ్లు డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు కింద ఫోటోలు కడిగిన మనిషికి నేను రోజూ పాఠం చెప్పేవాణ్ణి. "మామూలు ఫోటో వండేసిన అన్నం భాయ్. కెమెరా చూసింది చూసినట్టు దాచే రా ఫైలంటే బియ్యం. మనకు కావలసినట్టు వండుకోవచ్చు." ఆయన ఓపిగ్గా విని, "బియ్యముంటే సరిపోదు మియా, వండటం రావాలి" అనేవాడు. (నేను వినిపించుకుంటే కదా!)

ఉక్కునగరంలో మా నాన్నతో ఒకే షిఫ్టులో పనిచేసే ఫోర్‌మన్ ఒకాయన ఉండేవాడు. కొలిమి దగ్గర పని కాబట్టి మాకాయన కొలిమి బాబాయ్. ఆ శనివారం రిటైరవుతున్నాడు. ఉక్కు ప్లాంటు కొత్తలో తన మొదటి జట్టుతో తీయించుకున్న నలుపు తెలుపు ఫోటో ఆయన ఇంటి గోడ మీద ఉండేది. "ఇప్పుడున్న జట్టుతో కూడా అలాటిదే కావాల నాయినా. రెండూ పక్కపక్కనెడితే ఒకే రోజు తీసినట్టుండాల" అన్నాడు. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. క్వార్టర్స్ ముందు పద్నాలుగు మందిని నిలబెట్టి, రాలో తీసి, ఏ రంగు ఛాయా లేని అచ్చమైన న్యూట్రల్ బ్లాక్ అండ్ వైట్ ఇస్తానని ప్రకటించాను. "న్యూట్రలంటే మాకు స్కూటర్ గేరే తెలుసు మియా" అన్నాడు భాయ్. "ఇది కుదిరిందా, డిజిటల్ పనంతా నీది. లేదంటే పాస్‌పోర్ట్ ఫోటోలకొచ్చే వాళ్లకి దువ్వెన అందిద్దువు గానీ." నవ్వుతూనే అన్నాడు కానీ, ఆయన అన్నమాట తప్పడని నాకు తెలుసు.

కంప్యూటర్‌లో రంగులు తీసేసి, ఎరుపున్న చోట వెలుగు కాస్త పెంచితే ముఖాలు వెలిగాయి. నీలమున్న చోట తగ్గిస్తే ఆకాశం చిక్కబడింది. ప్రతి ముడతా, ప్రతి చెమట చుక్కా కనిపిస్తోంది. ఒక్కణ్ణే కుర్చీలో ఎగిరాను. ఫైలు నెట్‌లో గాజువాక కలర్ ల్యాబుకు పంపాను. క్వార్టర్స్‌కి దగ్గరని ప్రింటు బాబాయే అక్కడ తీసుకున్నాడు. బుధవారం ఫోను. "అంతా బాగుంది గానీ, పచ్చగుందేటి నాయినా?" మేం గోదావరి నుంచి వచ్చినవాళ్లం. మా అమ్మ నోట పచ్చచీర అంటే పసుపు చీరే. తెర మీద నాకేమీ కనబడకపోయినా, పసుపుకు విరుగుడు నీలం కదా అని నీలం దట్టించి పంపాను. గురువారం మళ్లీ ఫోను. "ఇంకా పచ్చగానే ఉంది. పైగా అందరం జొరమొచ్చినోళ్లలాగున్నాం." ఇక రెండు రోజులే ఉన్నాయి. అయినా నా గొంతులో ధీమా తగ్గలేదు. "కంగారుపడకండి బాబాయ్, రా ఫైలుంది" అని ఫోను పెట్టేశాను.

శుక్రవారం పొద్దున్నే షట్టరు ఎత్తడానికి వెళ్తే మెట్ల మీద బాబాయ్! సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వచ్చాడు. "పెద్దోణ్ణట్టుకుని రా అంటావేటి? మీ నాన్నతో సెప్తానుండు. సర్లే, ఫైలన్నావని వచ్చాను. ఎక్కడ సంతకం సెయ్యాల?" అంటూ రిటైర్‌మెంట్ కాగితాల ఫైలు తీసి బల్ల మీద గుమ్మరించాడు. భాయ్ కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు. ఆ కాగితాల మధ్య నుంచి నా రెండు ప్రింట్లూ బయటపడ్డాయి. చూసి నోరు తెరిచాను.

"బాబాయ్, ఇది ఆకుపచ్చ కదా!"

"మరి నాను సెప్పిందేటి? పచ్చంటే ఇది కాదేటి?" అని జేబులోంచి తమలపాకు తీసి ప్రింటు పక్కన పెట్టాడు.

"నేను పసుపనుకుని నీలం కలిపాను."

"బియ్యం మాత్రం మంచివే మియా" అన్నాడు భాయ్, కళ్లు తుడుచుకుంటూ.

అప్పటికప్పుడు బాబాయ్, నేనూ గాజువాక బస్సెక్కాం. నలుపు తెలుపును రంగుల కాగితం మీద తీస్తూ ఆకుపచ్చ ఛాయ తెస్తున్నది ల్యాబు మిషనే. దాని పక్కన కూర్చుని, నా నీలం తీసేసి, ఆకుపచ్చకు విరుగుడైన మెజెంటా అనే గులాబీ రంగు కొంచెం కొంచెంగా కలుపుతూ చిన్న చిన్న ముక్కలు ప్రింటు తీయించాను. ప్రతి ముక్కనూ బాబాయ్ వీధిలోకి పట్టుకెళ్లి ఎండలో చూసేవాడు. "మరిగే ఉక్కు రంగు సూసి వేడి సెప్పినోణ్ణిరా, నాకు తెలీదేటి!" మొదటిది ఇంకా ఆకే. రెండోది పరవాలేదు. మూడోదానికి ముఖాలు గులాబీ తిరిగి, పద్నాలుగు మందీ పెళ్లిచూపులకు కూర్చున్నట్టున్నారు. నాలుగోదాన్ని చాలాసేపు చూసి, "ఆగు. ఇదే. దీన్లో ఏ రంగూ లేదు!" అని రోడ్డు మీదే కేక పెట్టాడు. నేనూ పెట్టాను. ఆటోవాడెవడో మమ్మల్ని చూసి బండి ఆపాడు.

శనివారం సాయంత్రం ఆ రెండు ఫోటోలూ బాబాయ్ ఇంటి గోడ మీద ఒకే వరసన పక్కపక్కనే వేలాడాయి. పాత ఫోటోలో వాళ్లు సగం మంది అప్పటికే లేరు. బాబాయ్ రెండింటినీ మార్చి మార్చి చూసి, "అందరూ ఒకే డ్యూటీకొచ్చీసినారు" అన్నాడు. సోమవారం నుంచి డిజిటల్ పనంతా నాదే అయింది, దువ్వెన వేరే వాళ్ల చేతికి పోయింది.

ఇప్పుడు ఫోనులో ఒక్కసారి వేలు తాకిస్తే నలుపు తెలుపు వచ్చేస్తుంది. అయినా ఎవరైనా "పచ్చగుంది" అంటే, ముందు "ఏ పచ్చండీ?" అని అడిగాకే కంప్యూటర్ ముట్టుకుంటాను. అన్నీ తెలిసిన ఆ ఇరవై రెండేళ్లవాణ్ణి తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. ఆ రోజు తీసిన ఫైళ్లున్న ఫోల్డరుకు అప్పట్లో "రా" అనే పేరు పెట్టాను. ఇప్పటికీ అప్పుడప్పుడు తెరిచి చూస్తుంటాను. ఎన్నిసార్లు తెరిచినా, సంతకం ఎక్కడ పెట్టాలని ఫైలు పట్టుకుని వచ్చే బాబాయ్ మాత్రం ఇప్పుడు లేడు.