బాగలేని రోజు స్క్రీన్లు

మొన్న దబీర్‌పురా స్టేషన్‌లో రైలు దిగి బయటికి వస్తుంటే వేడెక్కిన జిరాక్స్ మిషన్ వాసన తగిలింది. కాలిన ప్లాస్టిక్‌లా ఘాటుగా, చివర్లో కొంచెం తియ్యగా ఉండే వాసన. ఆ వాసన వచ్చే జిరాక్స్ దుకాణం పై అంతస్తులోనే ఒకప్పుడు మా ఆఫీసు ఉండేది. ఇప్పుడక్కడ ట్యూషన్ సెంటర్ బోర్డు వేలాడుతోంది. పైకి వెళ్ళడానికి నాకు పనేమీ లేదు. అయినా మెట్ల దగ్గర కాసేపు నిలబడిపోయాను. నాకు పని నేర్పిన ఎస్తేరక్క ఆ మెట్లెక్కుతూనే ఎవరినో ఒకరిని పేరు పెట్టి పిలిచేది.

మాది చిన్న డిజైన్ కంపెనీ. ఫోన్ యాప్‌లో ఏ బటన్ ఎక్కడ ఉండాలి, నొక్కితే ఏం రావాలి అన్నది కంప్యూటర్‌లో గీసి ఇవ్వడం మా పని. ఎస్తేరక్క మా అందరికీ లీడ్. వాళ్ళ నాన్న రైల్వేలో ట్రాక్ పని చేసి రిటైరయ్యాడు. ఆమె దబీర్‌పురాలోనే పుట్టి పెరిగింది. క్లయింట్లతో ఇంగ్లీషు, కింద చాయ్ భాయ్‌తో ఉర్దూ, మాతో ఇంట్లో మాట్లాడే తెలుగు. నవ్వు తక్కువ. మెచ్చుకోవడం ఇంకా తక్కువ.

చేరిన కొత్తలో నేను బస్ పాస్ యాప్‌కు ఒక స్క్రీన్ గీశాను. లేత బూడిద రంగు మీద తెల్లటి అక్షరాలు. చాలా అందంగా వచ్చిందని మురిసిపోయాను. ఆమె దాన్ని తన పాత ఫోన్‌లోకి పంపుకుని, నన్ను కిందికి, మిట్టమధ్యాహ్నం ఎండలోకి తీసుకెళ్ళింది. ఫోన్ నా చేతికిచ్చి, "బటన్ యాడుందో చూపియ్," అంది.

నాకే కనబడలేదు.

"ఎవరి కోసం గీసినవ్ మౌనికా? ఏసీల కూసున్నోళ్ళ కోసమా?" అంది. తిట్టినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు. ఆ సాయంత్రమే రంగులన్నీ మార్చేశాను.

తర్వాత మేము వాడే డిజైన్ టూల్‌లోకి ఏఐ వచ్చింది. ఏం కావాలో ఒక వాక్యంలో రాస్తే చాలు, స్క్రీన్లు వరసగా పరుచుకునేవి. మనుషుల పేర్లూ ఫోటోలూ అదే నింపేది, బటన్లను ఒకదానితో ఒకటి అదే కలిపేది. ఇంకొన్నాళ్ళకు ఆ బొమ్మల నుంచి నడిచే యాప్ కూడా తయారు చేసి ఇవ్వసాగింది. మేము భయపడ్డాం. అక్క భయపడలేదు, అందరికంటే ముందు తనే నేర్చుకుంది. మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఎలా అడిగితే ఎలాంటివి వస్తున్నాయో చూపించేది.

"ఇది మంచిగనే గీస్తది," అంది ఒకరోజు. "కాని అన్నీ మంచిగున్న రోజు స్క్రీన్లే గీస్తది. నెట్ పోయిన రోజు, కార్డు పనిచెయ్యని రోజు, మనిషి పరేషాన్ల ఉన్న రోజు, గవ్వి మనం అడగాలె. అడగకుంటే ఇయ్యది."

మా యజమానికి మాత్రం అందులో వేగం ఒక్కటే కనబడింది. స్క్రీన్లు తీసుకెళ్ళి బయటి మనుషుల చేత నొక్కించి చూసే పనిని ఆపేయించాడు. జట్టులో సగం మందిని పంపించేశాడు. మిగిలిన మాలో ఎవరైనా ప్రశ్న వేస్తే, పని ఆపుతున్నారన్నట్టు చూసేవాడు.

అప్పుడే ఒక ప్రైవేటు ఆసుపత్రికి డయాలసిస్ బుకింగ్ యాప్ చేసిచ్చే పని వచ్చింది. కిడ్నీలు పాడైనవాళ్ళు రక్తం శుద్ధి చేయించుకోవడానికి వారంలో ఏ రోజు రావాలో అందులో టైము తీసుకోవాలి. టూల్ ఒక్క పూటలో మొత్తం గీసి ఇచ్చింది. ఆసుపత్రి వాళ్ళు చూసి ముచ్చటపడ్డారు. మీటింగులో ఎస్తేరక్క ఒక స్క్రీన్ దగ్గర ఆగింది.

"సార్, పేషెంట్ టైము మార్చుకుందామని నొక్కంగనే పాతది పోతుంది. కొత్తది దొరక్కపోతే ఎట్ల? రెండూ ఉండవు కద," అంది. అలాంటప్పుడు రావలసిన స్క్రీన్ తనే తయారు చేసి పక్కన పెట్టింది కూడా.

"క్లయింట్ ఓకే అన్నాడమ్మా. నెక్స్ట్ రౌండ్‌ల చూద్దాం," అన్నాడు యజమాని. ఆమె ఇంకో మాట అనబోయి ఊరుకుంది. ఆ మధ్య ప్రతి మీటింగులోనూ ఆమెకు అదే జవాబు వస్తోంది.

యాప్ జనంలోకి వెళ్ళింది. ఎండాకాలంలో మేముండే ఛత్రినాకలో అంజమ్మ అనే ఆవిడ చనిపోయింది. కూరగాయల బండి దగ్గర మా అమ్మకు రోజూ కనబడే మనిషి. పలకరించడానికి అమ్మతో పాటు నేనూ వెళ్ళాను. కొడుకు శీను ఆటో నడుపుతాడు. జరిగింది చెబుతూ ఫోన్ తీసి చూపించాడు. శుక్రవారం డయాలసిస్ ఉంటే, శనివారానికి మారుతుందేమోనని నొక్కి చూశాడట. 'స్లాట్లు లేవు' అని వచ్చింది. మారలేదులే అనుకుని శుక్రవారమే తల్లిని తీసుకెళ్ళాడు. ఆసుపత్రి లిస్టులో పేరు లేదని, సోమవారం రమ్మన్నారు. ఆదివారం ఊపిరాడలేదు. ఇంకో ఆసుపత్రికి చేరేలోపే ఆటోలో ప్రాణం పోయింది.

ఆ ఫోన్‌లో ఉన్నది మా స్క్రీనే. 'స్లాట్లు లేవు' అన్న మాట పైన నవ్వుతున్న చిన్న క్యాలెండర్ బొమ్మ ఉంది.

మర్నాడు ఎస్తేరక్కకు చెప్పాను. ఆమె కంప్యూటర్ మూసి, "ఇల్లు చూపియ్," అంది. వద్దక్కా, గొడవవుతుంది అన్నాను. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

శీను చాప వేశాడు. ఆమె కూర్చుని తను ఎవరో చెప్పింది. ఆ యాప్ గీసింది తమ ఆఫీసేనని చెప్పింది. ఆ ఫోన్‌లోనే చూపిస్తూ, ఎక్కడ నొక్కితే ఏమైపోయిందో అతనికి అర్థమయ్యేదాకా వివరించింది. అతను తల్లికి తనే అన్యాయం చేశానని అనుకుంటున్నాడు, అది నాకు అప్పుడే తెలిసింది.

"నీ తప్పు కాదు తమ్మీ. నువ్వు సరిగ్గనే నొక్కినవ్," అంది.

అతను తలెత్తాడు. "గిట్లయితదని మీకు ముందుగల్ల ఎరుకనా అక్కా?"

"ఎరుకనే."

"చెప్పలేదా మరి?"

"చెప్పిన. ఒక్కసారి చెప్పి ఊకున్న."

అతను లేచాడు. లోపలికి వెళ్ళి తిరిగి రాలేదు. అతని భార్య గుమ్మంలో నిలబడి, ఇక వెళ్ళండి అన్నట్టు చూసింది. మేము లేచాం. వీధి చివరిదాకా అక్క వెనక్కి తిరిగి చూడలేదు.

యజమానికి తెలిసింది. "మన తప్పని వాళ్ళ ఇంటికెళ్ళి చెప్తవా? కేసైతే ఎవడు నిలబడ్తడు?" అన్నాడు. ఆ వారమే ఆమెను తీసేశారు. ఆసుపత్రివాళ్ళకు నేను చెప్పాను. వాళ్ళు అడిగితే మా ఆఫీసు ఎవరికీ తెలియకుండా ఆ స్క్రీన్ మార్చింది. మార్చడానికి ఒక పూట కూడా పట్టలేదు, అక్క చేసి పెట్టినది పక్కనే ఉంది కదా. శీను కేసు వేయలేదు. నేను అడిగితే, "అమ్మ వస్తదా?" అన్నాడు.

ఆ తర్వాత అక్కకు మా రంగంలో ఉద్యోగం దొరకలేదు. ఏఐతో రోజుకు ఎన్ని స్క్రీన్లు ఇవ్వగలవని అడుగుతున్నారని ఒకసారి ఫోన్‌లో చెప్పింది. తర్వాత ఫోన్లు తగ్గాయి. ఛత్తా బజార్‌లో పెళ్ళి కార్డులు అచ్చువేసే ప్రెస్సులో చేరిందని విని వెళ్ళాను. ఒక పెళ్ళికూతురి తండ్రి పక్కన నిలబడి ఉండగా, కార్డులోని పేర్లను ఒక్కొక్కటే చదివి వినిపిస్తోంది. చిక్కిపోయింది. మళ్ళీ మన పనిలోకి రా అక్కా అన్నాను.

"ఈడ పేరు తప్పు పడితే మల్ల అచ్చేస్తరు మౌనికా. గంతే," అంది. చాయ్ తెప్పించింది. యాప్‌ల ఊసు ఎత్తనివ్వలేదు. ఆ తర్వాత రెండుసార్లు వెళితే, పనిలో ఉన్నానని లోపలి నుంచే చెప్పి పంపింది. ఇప్పుడు నేనూ వెళ్ళడం లేదు.

నేనింకా ఈ పనిలోనే ఉన్నాను, వేరే కంపెనీలో. టూల్ ఇప్పుడు మరీ తెలివైనది, సగం పని అదే చేస్తుంది. ఏది గీసి ఇచ్చినా, ఇది జరగకపోతే ఏం చూపిస్తావని దాన్ని అడుగుతాను. ఆ తర్వాత మనుషుల్ని అడుగుతాను. అది ఎక్కువ కష్టం. మీటింగుల్లో నన్ను చూసి మొహాలు ముడుచుకుంటాయి. రెండు ప్రాజెక్టుల నుంచి తీసేశారు కూడా.

పోయిన వారం ఒక అంబులెన్స్ యాప్ గురించి అడిగాను. దగ్గర్లో బండి లేకపోతే ఫోన్‌లో ఏం కనబడుతుందని. తర్వాత చూద్దామన్నారు. ల్యాప్‌టాప్‌లు మూసి ఒక్కొక్కరే లేచారు. నేను లేవలేదు. మేనేజర్ తలుపు దగ్గర ఆగి, "ఇంకేంటి?" అన్నాడు. అదే ప్రశ్న మళ్ళీ అడిగాను.